పెదవుల ఫిల్లర్ తర్వాత వాపు: రెండో రోజు ఇంత ఉండటం మామూలేనా?

పెన్నాతీరం (మారతహళ్ళి, బెంగళూరు), ఆదివారం ఉదయం 7:10

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం నాలుగు గంటలకు ఇందిరానగర్‌లోని ఒక చర్మవైద్యుల క్లినిక్‌లో రెండు పెదవులకూ కలిపి ఒక మిల్లీలీటరు హయాలురోనిక్ ఆమ్లం ఫిల్లర్ (పెదవులు నిండుగా కనిపించేలా సూదితో ఎక్కించే జెల్) వేయించుకున్నాను. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకున్నప్పుడు ముచ్చటగానే ఉంది. ఈ ఉదయం లేచేసరికి పై పెదవి ముక్కును అంటుకుంటుందేమో అన్నంతగా ఉబ్బింది, అందులోనూ కుడి వైపు కన్నా ఎడమ వైపు బాగా ఎక్కువ. స్టీలు గ్లాసులో కాఫీ తాగబోతే గ్లాసు అంచు పెదవికి ఆనిందో లేదో తెలియక సగం కాఫీ గడ్డం మీదుగా నైటీ మీదికి కారిపోయింది. వచ్చే ఆదివారం నెల్లూరులో నా నిశ్చితార్థం. పొద్దున్నే అమ్మ వీడియో కాల్ చేస్తే ఫోన్ కెమెరా పాడైందని చెప్పి తప్పించుకున్నాను. ఇది మామూలు వాపేనా, వారం లోపల తగ్గాలంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది తెలిసినవారు చెప్పగలరు. ఫొటో జతచేశాను.

కోరమంగల కోమలి, ఆదివారం ఉదయం 7:42

నేను రెండు సార్లు వేయించుకున్నాను, రెండు సార్లూ రెండో రోజు ఉదయమే ఎక్కువగా భయపడ్డాను. మొదటిసారి ఆఫీసుకు వారం రోజులు మాస్కు పెట్టుకుని వెళ్ళాను. నాకు నాలుగో రోజు నుంచి దిగడం మొదలైంది. అయితే నా అనుభవం మీకు ధైర్యానికి పనికొస్తుందే తప్ప పరీక్షకు పనికిరాదు కాబట్టి ముందు మీ డాక్టరుకు ఫోన్ చేయండి.

జయనగర్ చర్మవైద్యురాలు, ఆదివారం ఉదయం 8:15

పెన్నాతీరం గారూ, ఫొటో చూసి నిర్ధారణ చేయడం సరికాదు కనుక ఇదే ఫొటోను మీకు సూది వేసిన డాక్టరుకు ఇప్పుడే పంపండి. పంపిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, కిటికీ పక్కన పగటి వెలుతురులో నిలబడి, పెదవిని వేలితో ఒక్క క్షణం నొక్కి వదలండి. నొక్కిన చోటు తెల్లబడి, రెండు సెకన్లు దాటకుండా మళ్ళీ ఎర్రదనం రావాలి. రెండు పెదవులనూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఇలాగే చూడండి. పై పెదవికీ ముక్కుపుటానికీ మధ్య ఉన్న చర్మాన్ని కూడా వదిలిపెట్టకండి. ఐస్ పెట్టిన వెంటనే మాత్రం చూడవద్దు, చలికి ఆ చోటు దానంతట అదే పాలిపోయి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఒక పావుగంట ఆగి చూడండి.

వాపు ఎంత ఉందో మీరు రాశారు కానీ రంగు ఎలా ఉంది, నొప్పి పెరుగుతోందా తగ్గుతోందా అన్నది రాయలేదు. నాకు కావలసినవి ఆ రెండే.

పెన్నాతీరం, ఆదివారం ఉదయం 8:50

డాక్టరు గారూ, చూశాను. అన్నిచోట్లా ఎర్రదనం వెంటనే తిరిగి వచ్చింది. ఎడమ వైపు సూది గుచ్చిన చోట నేరేడు పండు రంగులో, చిటికెన వేలి గోరంత మచ్చ ఉంది. నిన్న రాత్రి సలుపు ఉండేది, ఇప్పుడు ముట్టుకుంటేనే నొప్పి. పెదవి బిగుతుగా, మన పెదవి కానట్టుగా ఉంది. మా డాక్టరు కూడా ఇప్పుడే సమాధానమిచ్చి, వాపు సహజమేనని, రేపు ఒకసారి కనిపించమని చెప్పారు.

జయనగర్ చర్మవైద్యురాలు, ఆదివారం ఉదయం 9:30

మంచి సమాచారం. మీరు చెప్పినదాన్ని బట్టి గోరంత మచ్చ కమిలిన గాయంలాగానే ఉంది. సూది చిన్న రక్తనాళాన్ని తాకితే రక్తం చర్మం కింద చేరి అలా కనిపిస్తుంది. కమిలిన వైపు వాపు కూడా ఎక్కువే ఉంటుంది కనుక ఎడమ, కుడి తేడాను ఈ రోజు పట్టించుకోకండి.

పెదవులు ఇంతగా ఎందుకు ఉబ్బుతాయన్నది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే సగం జాగ్రత్తలు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి. హయాలురోనిక్ ఆమ్లం మన చర్మంలోనూ కీళ్ళలోనూ కంటిలోనూ సహజంగా ఉండే పదార్థమే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని మొదట వేరుచేసింది పశువు కంటి లోపలి గాజులాంటి ద్రవం నుంచి. పేరులోని మొదటి సగానికి గ్రీకులో గాజు అనే అర్థం రావడం అందుకే. నీటిని పట్టి ఉంచుకోవడం దాని స్వభావం. సిరంజిలో ఉన్న జెల్ లోపలికి వెళ్ళాక చుట్టుపక్కల నీటిని లాక్కుంటుంది. దానికి తోడు సూదిపోట్ల గాయానికి శరీరం తన వంతు ద్రవాన్ని అక్కడికి పంపుతుంది. పెదవిలో కణజాలం వదులుగా ఉంటుంది, రక్తప్రసారం ధారాళంగా ఉంటుంది, అందువల్ల బుగ్గ మీద కనబడని వాపు పెదవి మీద రెండింతలై కనిపిస్తుంది. రాత్రంతా పడుకుని ఉండటం వల్ల ద్రవం ముఖంలోనే నిలిచిపోతుంది, కనుక ఉదయం ఎక్కువ, సాయంత్రానికి కొంత తక్కువ. ఈ వాపు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య గరిష్ఠంగా ఉండి, చాలామందిలో వారం పది రోజుల్లో దిగిపోతుంది. రెండు వారాలు నిండకముందు ఆకారం బాగుందని గానీ బాగాలేదని గానీ తేల్చకూడదు.

ఇక చేయవలసినవి. ఈ రోజూ రేపూ, శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టిన ఐస్‌ను నొక్కకుండా ఆనించి, పది నిమిషాలు మించకుండా ఉంచి తీసేయండి. మళ్ళీ పెట్టడానికి గంట ఆగండి. ఐస్ ముక్కను నేరుగా పెదవికి పెట్టకూడదు, మొద్దుబారిన చర్మం చలికి కాలినా మీకు తెలియదు. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. నొప్పికి పారాసెటమాల్ చాలు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకుంటే కమిలిన చోటు ఇంకా వ్యాపిస్తుంది. ఒకటి రెండు రోజుల పాటు వ్యాయామం, మద్యం, వేడి ఆవిరి, పొయ్యి ముందు గంటల తరబడి నిలబడటం మానండి. స్ట్రాతో తాగడం, సిగరెట్ పీల్చడం వల్ల పెదవి మీద ఒత్తిడి పడుతుంది కనుక అవీ వద్దు.

పెన్నాతీరం, ఆదివారం ఉదయం 9:55

ఫ్రిజ్‌లో ఐస్ ట్రే ఖాళీగా ఉంది, బఠాణీల ప్యాకెట్ మాత్రం ఉంది. దాన్ని పాత పంచె ముక్కలో చుట్టి పెట్టుకున్నాను. ఐస్ కన్నా ఇదే పెదవి వంపుకు సరిగ్గా కుదురుతోంది.

అడయారు అత్తయ్య (చెన్నై), ఆదివారం ఉదయం 11:20

అమ్మాయీ, నేను ఇలాంటివి చేయించుకునే వయసు దాటిపోయినదాన్ని కానీ దెబ్బలకు వాపులకు మా ఇంట్లో ఎప్పుడూ పసుపే. గంధంలో కాస్త పసుపు రంగరించి పట్టు వేసుకో, రాత్రికి లాగేస్తుంది. ఉప్పు తగ్గించు. ఆవకాయ జోలికి వెళ్ళకు. పెరుగన్నం చల్లగా తిను.

జయనగర్ చర్మవైద్యురాలు, ఆదివారం మధ్యాహ్నం 12:05

అత్తయ్య గారూ, పెరుగన్నం సలహాకు నా పూర్తి సమ్మతి. వేడివేడి సాంబారు, కారం తగిలితే పెదవి మండుతుంది, ఎక్కువ ఉప్పు ఒంట్లో నీటిని నిలుపుతుంది. పసుపు పట్టు మాత్రం ఇప్పుడు వద్దు. సూది రంధ్రాలు పూడడానికి కనీసం ఒక రోజు పడుతుంది, ఆలోగా పసుపైనా లిప్‌స్టిక్కైనా ఏది పూసినా సూక్ష్మజీవులను లోపలికి పంపినట్టే. అంతకన్నా ముఖ్యమైన సంగతి, పసుపు రంగు పెదవి అసలు రంగును కప్పేస్తుంది. ఈ రెండు రోజులూ మేము కనిపెట్టి చూడవలసింది ఆ రంగునే.

అడయారు అత్తయ్య, ఆదివారం మధ్యాహ్నం 12:40

సబబుగా ఉంది. పట్టు వద్దులే తల్లీ.

మైలాపూరు మంజరి (చెన్నై), ఆదివారం మధ్యాహ్నం 2:30

రంగు గురించి డాక్టరు గారు అన్నేసి సార్లు ఎందుకు చెబుతున్నారో నాకు అనుభవం మీద తెలుసు. రెండేళ్ళ క్రితం ఇక్కడే ఒక చోట, పేరు చెప్పను, పై పెదవికి ఫిల్లర్ వేయించుకున్నాను. బయటికి వచ్చేటప్పుడు కుడి వైపు పాలిపోయినట్టు ఉంటే, మొద్దుబార్చే మందు వల్ల అలా ఉంటుందని చెప్పి పంపేశారు. మూడు గంటల తర్వాత మందు ప్రభావం తగ్గాక నొప్పి మొదలైంది. అది సలుపు కాదు, లోపలి నుంచి మెలిపెట్టినట్టు ఉండే నొప్పి. వాపు నిజానికి చాలా తక్కువే ఉంది! పెదవి నుంచి ముక్కుపుటం దాకా చర్మం మీద చేపల వల పరిచినట్టు ఊదా రంగు గీతలు తేలాయి. ఫోన్ చేస్తే రిసెప్షన్‌లోని అమ్మాయి అది కమిలిన గాయమేనని, ఐస్ పెట్టుకుని పడుకోమని చెప్పింది. అదృష్టవశాత్తు మా వదిన నర్సు, ఆవిడ వేలితో నొక్కి చూసి, తెల్లబడిన చోటు అయిదారు సెకన్లకు కూడా రంగు తిరగకపోయేసరికి మారుమాట లేకుండా ఆటో పిలిచింది. పెద్ద ఆసుపత్రిలో రాత్రి పదింటికి ఫిల్లర్‌ను కరిగించే హయాలురోనిడేజ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టి, గంటకోసారి చూస్తూ మళ్ళీ మళ్ళీ ఇచ్చారు. తెల్లవారుజాముకు రంగు వచ్చింది. ముక్కు పక్కన చిన్న పొక్కు లేచి ఎండిపోయి, చూస్తే తప్ప కనపడని మచ్చ మిగిలింది.

జయనగర్ చర్మవైద్యురాలు, ఆదివారం సాయంత్రం 4:10

మంజరి గారు రాసినది ఈ చర్చకు వచ్చినవాళ్ళందరూ రెండు సార్లు చదవాలి. జెల్ రక్తనాళంలోకి వెళ్ళి గానీ, పక్క నుంచి నొక్కి గానీ రక్తం అందకుండా చేస్తే జరిగేది అదే. పై పెదవికి రక్తం తెచ్చే ధమని నుంచి ఒక కొమ్మ ముక్కు వైపు వెళుతుంది, అందుకే గీతలు ముక్కుపుటం దాకా పాకాయి. ఫిల్లర్‌లో కలిసి ఉండే లిడోకైన్ అనే మొద్దుబార్చే మందు మొదటి గంటల్లో నొప్పిని దాచేస్తుంది కాబట్టి నొప్పి లేదన్న ధీమాతో రంగును నిర్లక్ష్యం చేయకూడదు. వాపు తక్కువగా ఉండి కూడా ప్రమాదం ఉండవచ్చు, పెదవి పెద్దగా ఉబ్బి కూడా ప్రమాదమేమీ లేకపోవచ్చు.

అటువంటి అనుమానం కలిగితే ఐస్ పెట్టకూడదు, చలికి నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. గోరువెచ్చని కాపడం పెట్టుకుంటూ ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. హయాలురోనిడేజ్ అనే ఎంజైము ఈ జెల్‌ను కరిగిస్తుంది, ఎంత త్వరగా పడితే అంత చర్మం దక్కుతుంది. తేనెటీగ కుట్టినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే తేనెటీగ విషంలోనూ ఈ ఎంజైము ఉంటుంది.

ఇంకో రకం కూడా ఉంది. సూది వేసిన కొద్ది నిమిషాల్లోనో గంటల్లోనో రెండు పెదవులూ ఒక్కసారిగా పొంగి, దురద, దద్దుర్లు వస్తే అది అలర్జీ. నాలుక మందంగా అనిపించినా, గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా క్లినిక్‌కు ఫోన్ చేస్తూ కూర్చోకుండా 108కి చేయాలి.

వైట్‌ఫీల్డ్ వాసు, ఆదివారం రాత్రి 8:25

మా ఆవిడ వచ్చే నెల చేయించుకోవాలనుకుంటోంది. చేప నూనె మాత్రలు, విటమిన్ ఇ రోజూ వేసుకుంటుంది. అవి ఆపాలా? ఆమెకు జ్వరం వచ్చి తగ్గినప్పుడల్లా పెదవి అంచున నీటి పొక్కులు లేస్తాయి, దానికీ దీనికీ సంబంధం ఉందా? అలాగే క్లినిక్ సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

జయనగర్ చర్మవైద్యురాలు, ఆదివారం రాత్రి 9:00

చేప నూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి మాత్రలు కమిలే అవకాశాన్ని పెంచుతాయి, డాక్టరుతో మాట్లాడి వారం పది రోజుల ముందు ఆపవచ్చు. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్ లాంటివి అందానికి సంబంధించిన పని కోసం సొంతంగా ఆపకూడదు. నీటి పొక్కుల మాట అడిగి మంచి పని చేశారు. అవి హెర్పీస్ వైరస్ వల్ల వస్తాయి, సూదిపోటు దాన్ని నిద్రలేపగలదు. ముందే చెబితే నివారణకు మాత్రలు రాస్తారు. పొక్కులు ఉన్న రోజున ఫిల్లర్ వేయనే వేయకూడదు.

క్లినిక్ విషయానికొస్తే, కర్ణాటకలో 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద నమోదు తప్పనిసరి, ఆ పత్రం గోడ మీద కనిపించాలి. సిరంజి పెట్టెను మీ ముందే విప్పి, దాని మీది లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో తెలిపే సంఖ్య) స్టిక్కరును మీ కాగితానికి అంటించి ఇవ్వాలి. హయాలురోనిడేజ్ మీ దగ్గర ఉందా అని నోరు తెరిచి అడగండి. లేదంటే లేచి వచ్చేయండి.

బనశంకరి బాల, ఆదివారం రాత్రి 10:15

సూది లేకుండా పెన్నులాంటి పరికరంతో పార్లర్‌లోనే చేస్తున్నారట, వాపు ఉండదట. మా స్నేహితురాలు చేయించుకుంది. అది మేలు కాదా?

జయనగర్ చర్మవైద్యురాలు, ఆదివారం రాత్రి 10:30

కాదు. ఆ పరికరం జెల్‌ను ఒత్తిడితో చర్మంలోకి కొడుతుంది, అది ఎంత లోతుకు, ఎటు వెళుతుందో పట్టుకున్నవాళ్ళకే తెలియదు. 2021 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వీటిని వాడవద్దని ప్రజలకు హెచ్చరిక జారీ చేసింది. అదే సంస్థ సూదితో పెదవులకు వేసే ఫిల్లర్‌ను 2011లోనే ఆమోదించింది, అదీ 21 ఏళ్ళు దాటినవాళ్ళకు.

పెన్నాతీరం, మంగళవారం ఉదయం 7:30

మూడో రోజు ఉదయానికి పెద్ద తేడా లేదు, కానీ నిన్న సాయంత్రం మొదటిసారి పెదవులు రెండూ కలిశాయి. డాక్టరుకు చూపించి వచ్చాను, అంతా సరిగ్గానే ఉందన్నారు. నేరేడు రంగు మచ్చ కింది వైపు జారి గడ్డం దగ్గర పచ్చగా మారుతోంది. లోపల వేలికి రెండు మూడు చిన్న గడ్డలు తగులుతున్నాయి. యూట్యూబ్‌లో ఒకావిడ రోజుకు మూడుసార్లు మర్దన చేయమంటోంది.

కోరమంగల కోమలి, మంగళవారం ఉదయం 8:05

నేను మొదటిసారి అలాగే రుద్దాను. రుద్దిన ప్రతిసారీ వాపు మళ్ళీ మొదటికొచ్చింది, పైగా జెల్ కొంత పెదవి గీత దాటి పైకి జరిగి మీసం నీడలా కనిపించింది. రెండోసారి వేలు పెట్టలేదు.

జయనగర్ చర్మవైద్యురాలు, మంగళవారం ఉదయం 9:10

మీ డాక్టరు చేతితో చూపించి, ఇన్ని సార్లని చెబితే తప్ప మర్దన వద్దు. మొదటి వారంలో తగిలే గడ్డల్లో చాలా భాగం వాపూ, గడ్డకట్టిన రక్తమూ. ఎర్రబడి వేడిగా ఉన్న గడ్డ, చీము, జ్వరం, లేదా వారాల తర్వాత కొత్తగా లేచిన గడ్డ అయితే మాత్రం చూపించాలి. మచ్చ పచ్చబడటం రక్తం విరిగి కరిగిపోతున్నదనడానికి గుర్తు.

పెన్నాతీరం, బుధవారం సాయంత్రం 6:20

ఇప్పుడు అసలు చిక్కు. శుక్రవారం రాత్రి మడివాళ నుంచి నెల్లూరు బస్సు. స్లీపర్ తీసుకోనా, సీటు తీసుకోనా? శనివారం అమ్మ నాకు ఫేషియల్, పై పెదవికి త్రెడింగ్ మాట్లాడిందట. అత్తవారి తరఫున ఎవరో దంతవైద్యులు ఉన్నారని, అదే రోజు పళ్ళు కూడా క్లీనింగ్ చేయించేద్దామంటోంది!

జయనగర్ చర్మవైద్యురాలు, బుధవారం రాత్రి 8:45

వెనక్కి వాలే సీటు తీసుకోండి, తల ఎత్తులో ఉంటే తెల్లవారికి ముఖం ఉబ్బదు. ఆవిరి పట్టే ఫేషియల్ వద్దని గట్టిగా చెప్పండి. త్రెడింగ్ దారం లాగేది సరిగ్గా సూదులు గుచ్చిన చోటికి పైనే, దాన్ని రెండు వారాలు ఆపండి. పళ్ళ క్లీనింగ్ కూడా అంతే. నోరు సాగదీయడం ఒకటైతే, చిగుళ్ళ నుంచి రక్తంలోకి చేరిన బాక్టీరియా కొత్త జెల్ చుట్టూ స్థిరపడే అవకాశం ఇంకొకటి. లిప్‌స్టిక్ ఇప్పుడు పూసుకోవచ్చు, కొత్త ట్యూబు విప్పి వాడండి.

అడయారు అత్తయ్య, బుధవారం రాత్రి 9:20

అమ్మతో నిజం చెప్పెయ్యి తల్లీ. త్రెడింగ్ ఎందుకు వద్దో చెప్పడానికి ఎన్ని కెమెరాలు పాడుచేస్తావు?

వైట్‌ఫీల్డ్ వాసు, గురువారం ఉదయం 10:00

టీకాలు వేయించుకుంటే ఫిల్లర్ ఉన్నచోట వాస్తుందని విన్నాను. ఫ్లూ టీకా వేయించుకోవాలి, అందుకే అడుగుతున్నాను.

జయనగర్ చర్మవైద్యురాలు, గురువారం మధ్యాహ్నం 1:15

అరుదుగా వస్తుంది. 2020 డిసెంబరులో మోడెర్నా కోవిడ్ టీకా ప్రయోగాల్లో పాల్గొన్నవారిలో ఫిల్లర్ ఉన్న ముగ్గురికి ముఖంలోనో పెదవిలోనో వాపు వచ్చినట్టు ఎఫ్‌డీఏ సమీక్షలో నమోదైంది, చికిత్సతో తగ్గింది. జలుబు, పంటి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా నెలల కిందటి ఫిల్లర్ కొద్ది రోజులు ఉబ్బవచ్చు. అందుకని టీకా మానకూడదు. రెంటి మధ్యా రెండు మూడు వారాల ఎడం ఉంచండి.

పెన్నాతీరం, తర్వాతి మంగళవారం రాత్రి 9:40

నిశ్చితార్థం అయింది. శుక్రవారం మధ్యాహ్నమే అమ్మకు చెప్పేశాను. రెండు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత పార్లర్‌కు తానే ఫోన్ చేసి ఫేషియల్ రద్దు చేసింది. ఆదివారానికి వాపు తొంభై పాళ్ళు దిగింది. గడ్డం దగ్గరి పచ్చ మచ్చకు కన్సీలర్ సరిపోయింది. స్వీటు తినిపించినప్పుడు మాత్రం అందరూ లడ్డూను ఎడమ వైపు నుంచే నోట్లో కుక్కారు, ఆ పోటు రాత్రి దాకా ఉంది. ఇప్పుడు పదకొండో రోజు. కుడి మూల నువ్వు గింజంత గడ్డ ఒకటి ఇంకా వేలికి తగులుతోంది. నొప్పి లేదు, పైకి కనబడదు, రంగు మామూలుగానే ఉంది.

జయనగర్ చర్మవైద్యురాలు, బుధవారం ఉదయం 8:30

అభినందనలు. ఆ నువ్వు గింజను నాలుగో వారం దాకా ఏమీ చేయకండి. అప్పటికీ ఉంటే మీ డాక్టరు వేళ్ళతో సర్దవచ్చు, లేదా ఎంజైము ఒక చుక్క వేసి ఆ ఒక్కచోటే కరిగించవచ్చు. రెండో సిరంజి మాట ఆయన ఎత్తినా ఈ గడ్డ సంగతి తేలేదాకా ఒప్పుకోకండి.

పెన్నాతీరం, బుధవారం ఉదయం 8:52

ఎత్తారు కూడా. నాలుగో వారం శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, చూపించి వచ్చి ఇక్కడే రాస్తాను.